ఆయిల్‌స్టోన్ మీద మంగలికత్తికి ఆఖరి పదును పెట్టడం ఎలా

ఫ్యాక్టరీలో చేసిన సానరాళ్లకి నంబరు ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన. 1000, 4000, 8000 అని కొనుక్కుని వరసగా వాడుకుంటూ పోతే సరిపోతుంది. కొండని తవ్వి తీసిన ఆయిల్‌స్టోన్‌కి, అంటే నూనె వేసి నూరే సహజ సానరాయికి, ఆ సదుపాయం లేదు. అదే రాయి ఒకరి చేతిలో గీరుకుపోయే అంచునిస్తుంది, ఇంకొకరి చేతిలో చర్మానికి తెలియనంత మెత్తటి అంచునిస్తుంది. తేడా రెండు చోట్ల వస్తుంది: రాయి ముఖాన్ని ఎలా తయారుచేశారు, కత్తి మీద ఎంత బరువు వేశారు. అందుకే ఇక్కడ ఈ రెండిటి గురించే ఎక్కువ చెబుతాను. మిగతావి చకచకా అయిపోతాయి.

ముందు రాయి సంగతి

ఆయిల్‌స్టోన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆర్కాన్సాస్ రాయి. అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రంలో, వాషిటా కొండల్లో, హాట్ స్ప్రింగ్స్ ఊరి చుట్టుపక్కల దొరుకుతుంది. దీని శాస్త్రీయ నామం నోవాక్యులైట్. లాటిన్‌లో ‘నొవాక్యులా’ అంటే క్షౌరం చేసే కత్తి. అంటే రాయికి పేరు పెట్టిందే మన చేతిలో ఉన్న పనిముట్టుని చూసి. ఇది చెకుముకి రాయికి దాయాది లాంటిది. దాదాపు మొత్తం సిలికాయే. కంటికి ఆనని చిన్న చిన్న స్ఫటికాలు ఒకదాన్నొకటి కరుచుకుని గట్టిపడిన రాయి.

దుకాణాల్లో దీన్ని వాషిటా, సాఫ్ట్, హార్డ్, బ్లాక్, ట్రాన్స్‌లూసెంట్ అన్న పేర్లతో అమ్ముతారు. ఈ పేర్లు గింజ సైజుని బట్టి వచ్చినవి కావు, రాయి ఎంత చిక్కగా ఉందో దాన్ని బట్టి వచ్చినవి. స్ఫటికాల మధ్య ఖాళీలు ఎక్కువుంటే రాయి త్వరగా కోస్తుంది, గీతలు లోతుగా పడతాయి. ఖాళీలు తక్కువైతే నిదానంగా, నున్నగా కోస్తుంది. స్వచ్ఛమైన క్వార్ట్జ్ (సిలికా స్ఫటికం) సాంద్రత ఘన సెంటీమీటరుకి 2.65 గ్రాములు. రాయి సాంద్రత ఆ అంకెకి ఎంత దగ్గరైతే ఆఖరి పదునుకి అంత పనికొస్తుంది. సాఫ్ట్ అన్న మాట చూసి మోసపోకండి, అది కూడా గోటికి లొంగే రాయి కాదు. రంగుని కూడా నమ్మొద్దు. నల్లటి రాయి తెల్లదానికన్నా నున్నటిదని రూలేమీ లేదు. ట్రాన్స్‌లూసెంట్ రాయి అంచు దగ్గర టార్చ్ వేస్తే వెలుగు లోపలికి దిగి కనిపిస్తుంది. పేరు ఆ గుణం వల్లే వచ్చింది.

గడ్డం గీసుకునే కత్తికి ఆఖరి పదును కోసమైతే హార్డ్ బ్లాక్ గాని ట్రాన్స్‌లూసెంట్ గాని తీసుకోండి. పొడవు 8 అంగుళాలుంటే హాయి, 6 ఉన్నా పని జరుగుతుంది. వెడల్పు 2 అంగుళాలున్నా చాలు, 3 ఉంటే అలవాటు లేని చేతికి తేలిక.

పాత సామాన్లలో ఇంకొన్ని రాళ్లు ఎదురుపడొచ్చు. ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్ ప్రాంతం నుంచి వచ్చిన చార్న్‌లీ ఫారెస్ట్ రాయి ఆకుపచ్చగా, అక్కడక్కడా ఎర్రటి చారలతో ఉంటుంది. టర్కీ రాయి అని ఇంకోటుంది, అది పెళుసు, కింద పడితే ముక్కలే. ఈ రెండిటికీ ఇక్కడ చెప్పే పద్ధతే నడుస్తుంది, సమయాలు మాత్రం మారతాయి. బెల్జియం కోటిక్యూల్ రాయి దొరికితే మాత్రం దాని మీద నూనె పోయకండి. అది నీళ్లతో వాడుకునే రాయి, ఒకసారి నూనె తాగితే వదిలించడం పెద్ద తలనొప్పి.

రాయి ముఖం చదును చేయడం

కొత్త రాయి చదునుగా ఉంటుందని అనుకోవద్దు. రంపం కోసిన గీతలు చాలాసార్లు అలాగే ఉంటాయి. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీయండి. చదునైన మందపాటి గాజుపలక మీద చెంచాడు కార్బోరండం పొడి (రాళ్లని అరగదీసే గరుకు పొడి), కొన్ని నీళ్లు వేసి, గీతలు గీసిన ముఖాన్ని కిందికి పెట్టి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. కాసేపయ్యాక చూస్తే గుంటల్లో పెన్సిల్ గీత మిగిలి ఉంటుంది. అది చెరిగిపోయే దాకా రుద్దాలి. ముందు 80 లేదా 90 నంబరు పొడి, తర్వాత 120, 220, 400, చివరికి 600. ఒక్కో పొడికీ మారేముందు రాయిని, గాజుని, చేతుల్ని శుభ్రంగా కడగాలి. ముందటి పొడి గింజ ఒక్కటి మిగిలినా కొత్తగా గీత వేస్తుంది.

డైమండ్ ప్లేట్ ఉంది కదా, దానితో పని త్వరగా అయిపోతుందని నేనూ అనుకున్నాను. రాయి కొంచెం చదునైన మాట నిజమే, కానీ ప్లేట్ మీది వజ్రపు గింజలు ఊడిపోయి అది నున్నటి ఇనుపరేకులా మిగిలింది. ఈ రాయి అంత మొండిది. పొడి అరిగితే ఇంకో చెంచా వేసుకుంటాం, ప్లేట్ అరిగితే పారేసుకోవడమే.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ రాయి మొత్తం సిలికా కాబట్టి దీన్ని ఎప్పుడూ పొడిగా రుద్దకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, అది తిరిగి నయమయ్యేది కాదు. ముఖం తడిగా ఉండాలి, బల్ల మీద పడిన మడ్డిని కూడా ఎండకముందే తడిగుడ్డతో తుడిచేయాలి.

రాయికి రెండు ముఖాలూ ఉన్నాయి కదా, రెండిటినీ వాడుకోండి. ఒకదాన్ని 220 దగ్గర ఆపేయండి, అది కాస్త చురుగ్గా కోస్తుంది. రెండోదాన్ని 600 దాకా తీసుకెళ్లండి, అది ఆఖరి పదునుకి. రాయి నాలుగు అంచులూ కొంచెం గుండ్రంగా అరగదీయండి. పదునైన రాతి అంచు కత్తికి తగిలితే గాటు పడుతుంది.

ఇక్కడితో అయిపోయిందని చాలామంది ఆగిపోతారు. ఆపైన ‘ఆర్కాన్సాస్ రాయి గరుకు అంచునిస్తుంది’ అని తిట్టుకుంటారు. అప్పుడే రుద్దిన ముఖం మీద స్ఫటికాల కొనలు ఇంకా లేచి ఉంటాయి. అవి అరిగి ఒకే ఎత్తుకి రావాలి. దానికి 600 ముఖం మీద నూనె వేసి పాత ఉలి గాని, వెడల్పాటి వంటింటి కత్తి గాని తీసుకుని, బాగా ఒత్తిడి పెట్టి 10, 15 నిమిషాలు రాయి అన్ని మూలలా రుద్దండి. రాయి ముఖం సన్నగా మెరుస్తుంది, వేలితో తడిమితే గాజులా జారుతుంది. ఆ స్థితికి వచ్చాకే మంగలికత్తి దగ్గరికి వెళ్లాలి. వాడేకొద్దీ ఆ ముఖం ఇంకా బాగుపడుతుంది. అందుకే ఎవరో ఏళ్ల తరబడి వాడిన పాత రాయి దొరికితే, చదునుగా ఉన్నంత వరకూ దాన్ని మళ్లీ రుద్ది పాడుచేయకండి.

కత్తి ఇంతకీ రాయికి సిద్ధంగా ఉందా?

ఆయిల్‌స్టోన్ ఇనుముని చాలా కొంచెం కొంచెంగా తీస్తుంది. మొద్దుబారిన కత్తిని, గాట్లు పడ్డ కత్తిని దీని మీద పెడితే సాయంత్రం దాకా రుద్దుతూనే ఉంటారు. అసలు పదును వేరే రాయి మీద వచ్చి ఉండాలి. 1000 నంబరు రాయి మీద రెండు వైపుల వాలులూ వాదర (కోసే అంచు) దగ్గర కలిసే దాకా నూరండి. తర్వాత 4000 దాకా గాని 8000 దాకా గాని తీసుకెళ్లి అప్పుడు ఇటు రండి. సహజ రాళ్లతోనే అంతా చేయాలని పట్టుదల ఉంటే వాషిటాతో మొదలుపెట్టొచ్చు, కానీ మొదటి కత్తికి ఆ ప్రయోగం వద్దంటాను.

కలిసిందో లేదో చూడటం తేలికే. ప్రకాశవంతమైన లైటు కింద వాదరని కంటికి ఎదురుగా పట్టుకుని చూడండి. ఎక్కడైనా తెల్లటి మెరుపు గీత కనిపిస్తే అక్కడ అంచు ఇంకా మొండిగా ఉంది. పదునున్న అంచు వెలుగుని వెనక్కి కొట్టదు, అసలు కనిపించదు. ఇంకో పరీక్ష: వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి 8000 రాయి మీద రెండు మూడుసార్లు నడపండి. వాదర కొస దాకా రంగు పోతే సరే. కొస దగ్గర సన్నటి చార మిగిలితే వెనక్కి, 1000 రాయికి వెళ్లాలి. విసుగొచ్చినా సరే, ఈ ఒక్క చోట మొహమాటపడకండి. ఇక్కడ మిగిలిన లోపాన్ని ఏ ఆర్కాన్సాస్ రాయీ దిద్దలేదు.

కోణం గురించి టెన్షన్ పడక్కర్లేదు. మంగలికత్తికి కోణం దాని ఒంట్లోనే ఉంది. వెన్నూ వాదరా రెండూ ఒకేసారి రాయికి ఆనితే కోణం దానంతటదే కుదురుతుంది. వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, వెన్ను నుంచి వాదర దాకా 17 మిల్లీమీటర్లు ఉన్న కత్తి తీసుకుంటే కోణం సుమారు 17 డిగ్రీలు. వెన్ను అరగకుండా ఒక పొర ఎలక్ట్రికల్ టేపు వేసే అలవాటున్న వాళ్లుంటారు, దాంతో ఇంకో డిగ్రీ పెరుగుతుంది. తప్పేం లేదు. కాకపోతే నూనెకి టేపు జిగురు వదులై జారుతుంటుంది, మధ్యలో చూసుకుంటూ కొత్తది వేసుకోండి. ముందటి రాళ్ల మీద టేపు లేకుండా నూరి, ఇక్కడ టేపు వేస్తే కోణం మారిపోతుంది. మొదటి నుంచీ ఒకే తీరు పాటించాలి.

నూనె

పలచటి మినరల్ ఆయిల్ కావాలి. కుట్టుమిషన్ ఆయిల్ బాగుంటుంది, బేబీ ఆయిల్ అయినా పర్వాలేదు. వంటనూనెలు మాత్రం వద్దు. కొన్నాళ్లకి అవి బంకలా గట్టిపడి రాయి ముఖాన్ని మూసేస్తాయి. నూనె పని కత్తిని జార్చడం కాదు, రాలిన ఇనుప రజనుని తేల్చి పక్కకి తీసుకెళ్లడం. లేకపోతే ఆ రజను స్ఫటికాల మధ్య ఇరుక్కుని రాయి కోయడం మానేస్తుంది.

ఐదారు చుక్కలు వేసి వేలితో పలచగా పరచండి. మడుగు కట్టించొద్దు, ఎండిన మచ్చలూ ఉండొద్దు.

నూరడం

రాయి కదలకుండా కింద తడిగుడ్డ వేయండి. కత్తిని పిడి దగ్గర కాదు, పిడికీ అంచుకీ మధ్యనున్న ఇనుప మెడ దగ్గర బొటనవేలు, చూపుడువేళ్లతో పట్టుకోండి. వెన్నూ వాదరా రాయి మీద పడుకోబెట్టి, వాదర ముందుండేలా, నూనె మీది మీగడ పొరని చెక్కినట్టు అవతలి కొసకి నడపండి. రాయి వెడల్పు 5 సెంటీమీటర్లు, వాదర పొడవు 7 పైన. కాబట్టి తిన్నగా నడిపితే అంచు మొత్తం తగలదు. మడమ (వాదరకి పిడి వైపు కొస) దగ్గర మొదలై, ముందుకి పోతూ పక్కకి జరుగుతూ, రాయి కొస చేరేసరికి ముక్కు (వాదర అవతలి కొస) రాయి మీద ఉండాలి. వెళ్లేటప్పుడు ఒక ఏటవాలు గీత, వచ్చేటప్పుడు ఇంకోటి, రెండూ కలిపితే గుణకార గుర్తు. కొసకి చేరాక కత్తిని వెన్ను మీద తిప్పాలి. వాదర మీద తిప్పారంటే అప్పటిదాకా చేసిందంతా ఒక్క క్షణంలో పోతుంది.

ఇప్పుడు నూనెని చూడండి. ఈ రాళ్ల మీద నాకు బాగా నచ్చేది ఇదే. వాదర ముందు నూనె సన్నటి అలలా లేచి కత్తి మీదికి ఎక్కుతుంటే అక్కడ అంచు రాయికి ఆనినట్టు. అల ఎక్కడైనా తెగి, నూనె కత్తి కిందినుంచి నిశ్చింతగా జారిపోతుంటే అక్కడ ఆనడం లేదు. ముక్కు దగ్గర ఇలా ఎక్కువ జరుగుతుంది. వాదర కొంచెం నవ్వుతున్నట్టు వంపుగా ఉండే కత్తులకైతే మామూలే. అలాంటప్పుడు కత్తిని నొక్కకండి. నడిపేటప్పుడే మణికట్టుని కాస్త ఎత్తుతూ, బరువుని మడమ నుంచి ముక్కు వైపు మెల్లగా జార్చండి. అల మళ్లీ అతుక్కుంటుంది.

బరువు సంగతి. మొదటి 30, 40 రాకపోకలకి చెయ్యి బరువు కొంచెం పడనివ్వొచ్చు, వంటింటి కత్తి మీద వేసే బరువులో పదో వంతు కూడా కాదు. తర్వాత తగ్గించుకుంటూ రండి. చివరి 50 రాకపోకలకి కత్తి తన బరువుతోనే నడవాలి, మీ వేళ్లు దారి మాత్రం చూపాలి. మంగలికత్తి వాదర దగ్గర కాగితం కన్నా పలచన. నొక్కితే అది వంగుతుంది, వాలు పైభాగం అరిగి అసలు అంచు రాయికి తగలకుండానే పోతుంది. మొత్తం ఎన్ని రాకపోకలు? ఒక్కో రాయికీ ఒక్కో లెక్క. 8000 మీద నుంచి వచ్చిన కత్తికి 100 దగ్గర ఆగి చూడండి, 150, 200 దాకా వెళ్లాల్సి రావొచ్చు. ఫ్యాక్టరీ రాయి మీద ఇన్నిసార్లు తిప్పితే అంచు పాడవుతుందేమో అనే భయముంటుంది. బాగా నున్నబడిన ఆర్కాన్సాస్ ముఖం మీద, బరువు లేకుండా నడిపినంత సేపు ఆ భయం అంతగా అక్కర్లేదు. చెయ్యి అలిసిపోతే మాత్రం ఆపేయండి. అలిసిన చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది.

మధ్యలో నూనె నల్లబడితే గుడ్డతో తుడిచి మళ్లీ చుక్కలు వేయండి. చివర్లో ఒక మార్పు తెలుస్తుంది. మొదట్లో వినిపించిన సన్నటి గీకుడు శబ్దం తగ్గిపోతుంది, కత్తి రాయికి కరుచుకున్నట్టు, చప్పరించి పట్టుకున్నట్టు లాగుతుంది. రెండూ నున్నగా మారి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అప్పుడు ఇంకో 20 రాకపోకలు చేసి ఆపండి.

పరీక్ష, తుడవడం, తోలుపట్టీ

ముందు మెత్తటి కాగితంతో కత్తిని తుడవండి, ఎప్పుడూ వెన్ను నుంచి వాదర వైపే. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి కడిగి బాగా ఆరబెట్టండి. పిడి లోపల, మేకు చుట్టూ నూనె దాక్కుంటుంది, అక్కడ కూడా. తోలుపట్టీ మీదికి నూనె, రజను చేరితే పట్టీ గట్టిగా, మెరుస్తూ తయారవుతుంది, అది ఇక పనికిరాదు.

ముంజేతి వెంట్రుకలకి చర్మం నుంచి అర సెంటీమీటరు ఎత్తులో కత్తిని నడపండి. చర్మానికి తగలకుండానే వెంట్రుకలు టప్పుమని తెగిపోవాలి. మడమ, మధ్య, ముక్కు మూడు చోట్లా ఒకేలా తెగుతోందా అన్నది ముఖ్యం. ఒక్కచోట పదునుంటే చాలదు. బొటనవేలి గోటి మీద అంచుని లాగి చూసే పరీక్ష చాలామందికి అలవాటు గానీ, అది 1000 రాయి దగ్గర చేసుకోండి. ఈ దశలో అంచుని గోటికి తగిలించడం దండగ.

తోలుపట్టీ మీద దిశ తిరగబడుతుంది. రాయి మీద వాదర ముందు, పట్టీ మీద వెన్ను ముందు. ఇది మర్చిపోతే పట్టీ తెగుతుంది, అంచూ పోతుంది. పట్టీకి గుడ్డ వైపు, తోలు వైపు అని రెండుంటాయి; ముందు గుడ్డ వైపు 20, 30 సార్లు, తర్వాత తోలు వైపు 50, 60 సార్లు. పట్టీ బిగువుగా ఉండాలి, వదులైతే అంచు గుండ్రబడుతుంది.

అసలు పరీక్ష గడ్డమే. చెంప దగ్గర మొదలుపెట్టండి, చర్మం అక్కడ చదునుగా ఉంటుంది. పై పెదవీ చుబుకమూ తర్వాత.

అంచు బాగా రాకపోతే

తెగుతుంది కానీ మంటగా ఉంది. రెండే కారణాలు చూడండి: రాయి ముఖం ఇంకా గరుకుగా ఉంది, లేదా చివరి రాకపోకల్లో బరువు పడింది. 20 నుంచి 30 రెట్లు పెద్దది చేసి చూపే లూప్ ఉంటే వాదర చూడండి. అంచు రంపపు పళ్లలా కనిపిస్తే రాయిని ఇంకో 10 నిమిషాలు ఉలితో రుద్ది నున్నగా చేసి, కత్తిని కేవలం తన బరువుతో 50 సార్లు నడపండి.

మొదటి గీత అద్భుతం, మూడో గీతకి లాగుతోంది. అంచు కొసన సన్నటి ఇనుప పొర తీగలా వేలాడుతోంది. గడ్డం మొదలుపెట్టగానే అది విరిగిపోయి కింద మొద్దు మిగిలింది. దీనికి మొండి వైద్యమే ఉంది. వాదరని గాజుగ్లాసు అంచు మీద, వెన్ను నిటారుగా పట్టుకుని, ఏమాత్రం నొక్కకుండా ఒక్కసారి లాగండి. చేతులు వణుకుతాయి, నిజమే. తర్వాత 8000 మీద మార్కర్ పరీక్షతో మొదలుపెట్టి మళ్లీ ఇక్కడికి రండి.

ఎంత తిప్పినా మార్పు లేదు, నూనె కూడా నల్లబడటం లేదు. రాయి ముఖం మూసుకుపోయింది. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో రుద్ది, గిన్నెల లిక్విడ్‌తో కడగండి. అప్పటికీ కోయకపోతే 600 పొడితో ఒక్క నిమిషం రుద్ది మళ్లీ ఉలితో నున్నగా చేయండి. పాత రాయి మడ్డి వదిలించడానికి ఓవెన్‌లో పెట్టడం, మరిగే నీళ్లు పోయడం లాంటి పనులు చేయకండి, పగలొచ్చు.

అంచు మధ్యలో లోపలికి గుంటగా పోతోంది. మీరు రాయి మీద మధ్యనే ఎక్కువ నొక్కుతున్నారు, లేదా రాయి మధ్యలో ఉబ్బెత్తుగా ఉంది. పెన్సిల్ గళ్లు గీసి రాయిని చూడండి.

కత్తి బాగా కుదిరాక రోజూ పట్టీ మీద నడిపితే కొన్ని వారాలు హాయిగా వాడొచ్చు. లాగుతోందనిపించిన రోజు 1000 రాయి జోలికి వెళ్లక్కర్లేదు. నున్నటి ముఖం మీద నూనె వేసి 20, 30 రాకపోకలు, బరువు లేకుండా. ఆ తర్వాత రాయిని తుడిచి, పలచగా నూనె పూసి, దుమ్ము పడకుండా మూత ఉన్న చెక్కపెట్టెలో పెట్టేయండి. ఏ ముఖం నున్నటిదో పక్క అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నూనె పూసి ఉంటే రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, నేను ఒకసారి 220 ముఖం మీద ఆఖరి పదును పెట్టుకుని పొద్దున్నే చెంప మండించుకున్నాను.